సుడులను లెక్కించడం: కొల్మొగొరోవ్ సిద్ధాంతం ముందు కంప్యూటర్ సాక్ష్యం

సంక్షుబ్ధ ప్రవాహాన్ని, అంటే నునుపుగా సాగక సుడులతో కలత చెందిన ప్రవాహాన్ని, కంప్యూటర్‌లో అనుకరించే వారి పరిశోధనా పత్రాలలో "ఫలితాలు సిద్ధాంతంతో చక్కగా సరిపోయాయి" అనే వాక్యం తరచుగా కనిపిస్తుంది. వినగానే తగవు తీరిపోయిందనిపించే మాట అది. కాని సరిపోయినది ఏ రాశి, ఏ పొడవుల మధ్య సరిపోయింది, ఆ సిద్ధాంతాన్నే ఎవరైనా ముందుగా లెక్కలోకి చొప్పించారా అని అడగడం మొదలుపెడితే, ఆ ఒక్క వాక్యాన్ని ఎన్ని వేరువేరు అర్థాలలో వాడుతున్నారో తెలుస్తుంది. సరిపోవడం ఒక్కోసారి సిద్ధాంతం గెలుపు కావచ్చు, ఒక్కోసారి పరీక్ష మరీ సులువుగా ఉందన్న సూచన మాత్రమే కావచ్చు.

ద్రవాల కదలికను శాసించే సమీకరణాలు మనకు తెలియనివి కావు. 1822లో నేవియర్, 1845లో స్టోక్స్ రూపం ఇచ్చిన ఆ సమీకరణాలు, న్యూటన్ రెండో నియమాన్ని ద్రవానికి అన్వయించి స్నిగ్ధత (ద్రవపు జిగట) వల్ల కలిగే రాపిడిని చేరిస్తే వచ్చేవే. చిక్కంతా వాటిలోని ఒక పదంతో వస్తుంది: ద్రవం తన వేగాన్ని తానే మోసుకుపోతుంది. వేగాన్ని వేగంతోనే గుణించే ఆ పదం కారణంగా ఒక సుడి పక్క సుడిని సాగదీస్తుంది, మెలిపెడుతుంది, చీలుస్తుంది. ఈ సమీకరణాలకు మూడు దిశల ప్రవాహంలో ఎల్లకాలమూ నునుపైన పరిష్కారం ఉంటుందా అన్నది నేటికీ ఎవరూ రుజువు చేయలేదు. 2000లో క్లే గణిత సంస్థ ఒక్కొక్కదానికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన ఏడు సమస్యలలో ఇది ఒకటి.

ప్రవాహం ఎప్పుడు నునుపుగా సాగుతుందో, ఎప్పుడు కలత చెందుతుందో చెప్పే సంఖ్యకు ఆజ్‌బోర్న్ రెనాల్డ్స్ పేరు నిలిచింది. ఆయన 1883లో మాంచెస్టర్‌లో గాజు గొట్టంలోని నీటిలోకి సన్నని రంగు ధారను వదిలి, వేగం పెరిగేకొద్దీ ఆ ధార ఎక్కడ చెదురుతుందో చూశారు. వేగాన్ని పొడవుతో గుణించి, ద్రవ్యరాశి సాంద్రతతో సరిచేసిన స్నిగ్ధతతో భాగిస్తే వచ్చేదే రెనాల్డ్స్ సంఖ్య. గొట్టాలలో అది సుమారు 2,000 దాటాక కలత మొదలవుతుంది. వరద గోదావరిలో పది మీటర్ల లోతు, సెకనుకు రెండు మీటర్ల వేగం అనుకుంటే ఆ సంఖ్య రెండు కోట్లు.

ఇంత పెద్ద సంఖ్య వద్ద ప్రతి సుడి దారినీ ఊహించడం ఎవరి తరమూ కాదు కనుక, సిద్ధాంతకారులు సగటుల మీద దృష్టి పెట్టారు. పెద్ద సుడులు చిన్న సుడులకు, అవి మరింత చిన్న సుడులకు శక్తిని అందిస్తాయనీ, చివరి మెట్టు వద్ద స్నిగ్ధత దానిని వేడిగా మారుస్తుందనీ 1922లో బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ చిత్రించారు. దానికి గణిత రూపం ఇచ్చినది 1941లో మాస్కోలోని ఆంద్రేయ్ కొల్మొగొరోవ్. మెట్ల నడుమ ఉండే సుడులకు, ప్రవాహాన్ని పైనుంచి ఎవరు కదిలించారో గుర్తుండదు, కింద స్నిగ్ధత ఎంతో తెలియదు, తమ గుండా సెకనుకు ఎంత శక్తి దిగుతోందో అదొక్కటే తెలుసు అని ఆయన ఊహించారు. ఆ శక్తి రేటు ప్రమాణం మీటర్ల వర్గాన్ని సెకన్ల ఘనంతో భాగించినది. దానిని ఒక దూరంతో కలిపి వేగాన్ని తయారు చేయాలంటే ఒక్కటే దారి ఉంది: రెండింటి లబ్ధానికి ఘనమూలం తీసుకోవాలి. అంటే రెండు బిందువుల మధ్య వేగ వ్యత్యాసపు వర్గం సగటున దూరపు 2/3వ ఘాతంగా పెరగాలి. ఇదే విషయాన్ని సుడుల పరిమాణం వారీగా శక్తి పంపకంగా, అంటే వర్ణపటంగా రాస్తే, -5/3 అనే ప్రసిద్ధ ఘాతాంకం వస్తుంది. వర్ణపటం రూపంలో దానిని అదే ఏడాది ఒబుఖోవ్ కూడా చేరుకున్నారు.

అదే సంవత్సరం కొల్మొగొరోవ్ మరో ఫలితం కూడా ఇచ్చారు. అది దీనంత పేరు పొందలేదు కాని, నా దృష్టిలో దీనికన్నా విలువైనది. వేగ వ్యత్యాసపు ఘనం సగటు, శక్తి రేటుకూ దూరానికీ ఉన్న లబ్ధంలో సరిగ్గా -4/5 వంతు ఉండాలి. మొదటిది ప్రమాణాల తూకంతో చేసిన ఊహ అయితే, ఈ రెండోది కొన్ని షరతులకు లోబడి మూల సమీకరణాల నుంచే వచ్చిన ఫలితం. కంప్యూటర్ మొదటిదానితో విభేదిస్తే సిద్ధాంతాన్ని అనుమానించవచ్చు. రెండోదానితో విభేదిస్తే షరతులు నెరవేరాయా లేదా అని కంప్యూటర్ లెక్కనే ముందు అనుమానించాలి. పోలికలో ఈ తేడాను గుర్తించకపోతే మిగతా చర్చ అంతా కలగాపులగమే.

ఊహకు తొలి గట్టి సాక్ష్యం కంప్యూటర్ నుంచి కాదు, సముద్రం నుంచి వచ్చింది. కెనడా పశ్చిమ తీరంలో వాంకూవర్ ద్వీపం పక్కన, ఆటుపోట్ల నీరు ఉరవడిగా పారే డిస్కవరీ పాసేజ్ అనే ఇరుకు జలమార్గంలో గ్రాంట్, స్టీవర్ట్, మోయియే ఓడ నుంచి సున్నితమైన వేగ గ్రాహకాన్ని దింపి కొలిచారు. 1962లో అచ్చయిన వారి వర్ణపటంలో, ఘాతాంకం గీత వాలుగా కనబడే లాగరిథమ్ పటం మీద, పరిమాణాలలో ఎన్నో పదింతల తేడా ఉన్న సుడుల మీదుగా, -5/3 వాలు గీత గీసినట్టు కనిపించింది.

కంప్యూటర్ ఈ రంగంలోకి వచ్చేసరికి పరిస్థితి వేరు. నిజాయితీగా అనుకరించాలంటే అతిపెద్ద సుడి నుంచి స్నిగ్ధత మింగే అతిచిన్న సుడి దాకా అన్నీ లెక్కించే గ్రిడ్‌లో, అంటే వేగాన్ని లెక్కకట్టే బిందువుల వలలో, పట్టాలి. ఆ రెండు పరిమాణాల నిష్పత్తి రెనాల్డ్స్ సంఖ్య 3/4వ ఘాతంగా పెరుగుతుందని కొల్మొగొరోవ్ సిద్ధాంతమే చెబుతోంది. మూడు దిశలు కనుక బిందువుల సంఖ్య 9/4వ ఘాతంగా పెరుగుతుంది. లెక్క ఒక క్షణం నుంచి తర్వాతి క్షణానికి వేసే కాలపు అడుగులు కూడా అంతకంతకూ చిన్నవి చేయాలి కనుక మొత్తం శ్రమ దాదాపు మూడో ఘాతంగా పెరుగుతుంది. రెనాల్డ్స్ సంఖ్యను పదింతలు చేయాలంటే వెయ్యింతల లెక్క. పైన చెప్పిన గోదావరి ఉదాహరణలో పది మీటర్ల ఘనం ముక్కకే, స్థూలంగా, 270 కోట్ల కోట్ల బిందువులు కావాలి. గ్రిడ్ ఎంత సన్నగా ఉండాలో సిద్ధాంతమే నిర్ణయిస్తోందని ఇక్కడ గమనించాలి. సిద్ధాంతాన్ని పరీక్షించే సాధనం కొలతలు ఆ సిద్ధాంతం దగ్గరే తీసుకున్నవి.

1972లో ఆర్జాగ్, ప్యాటర్సన్ ఒక్కో అంచున 32 బిందువులున్న ఘనాకారపు పెట్టెలో తొలి ప్రత్యక్ష అనుకరణ చేశారు. ఆ పెట్టెకు గోడలుండవు. కుడివైపు బయటకు పోయిన నీరు ఎడమవైపు లోపలికి వస్తుంది. దీనివల్ల వేగాన్ని అలల మొత్తంగా రాసి వేగంగా లెక్కించడం సాధ్యమైంది. అయితే అన్ని చోట్లా ఒకేలా, అన్ని దిక్కులా ఒకేలా ఉండే ఆ పెట్టె నిజమైన నదికన్నా కొల్మొగొరోవ్ ఊహించిన లోకానికే దగ్గర చుట్టం. ఈ అనుకరణలలో రెనాల్డ్స్ సంఖ్యను సాధారణంగా జెఫ్రీ టేలర్ నిర్వచించిన మధ్యస్థ పొడవును బట్టి చెబుతారు. అది మామూలు రెనాల్డ్స్ సంఖ్య వర్గమూలంలా పెరుగుతుంది. 1972 నాటి అనుకరణలో అది 35.

వారు తమ ఫలితాలను పోల్చినది కొల్మొగొరోవ్‌తో కాదు, రాబర్ట్ క్రెయిక్‌నన్ 1959లో ప్రతిపాదించిన 'ప్రత్యక్ష పరస్పర చర్య' సిద్ధాంతంతో. సగటు తీసిన ప్రతిసారీ సమీకరణంలో ఇంకో కొత్త సగటు తెలియనిదిగా పుట్టుకొస్తుంది. ఆ గొలుసును ఎక్కడో తెంచడానికి క్రెయిక్‌నన్ చేసిన ప్రయత్నమది. పోలిక బాగానే కుదిరింది. కాని అదే సిద్ధాంతం, రెనాల్డ్స్ సంఖ్య బాగా ఎక్కువైనప్పుడు, -5/3కు బదులు -3/2 అనే ఘాతాంకాన్ని ఇస్తుంది. పెద్ద సుడి చిన్న సుడిని ఊరికే ఒకచోటి నుంచి మరోచోటికి మోసుకుపోవడాన్ని కూడా అది శక్తి బదిలీలో అడ్డంకిగా పొరబడుతుంది. కెనడా జలమార్గపు కొలతలు ఆ -3/2ను అప్పటికే తోసిపుచ్చాయి. 35 వంటి చిన్న సంఖ్య వద్ద మెట్ల నడిమి భాగమే లేదు కనుక రెండు ఘాతాంకాల తేడా బయటపడే అవకాశం లేదు. ఒక పరిధిలో తప్పయిన సిద్ధాంతం, మరో పరిధిలో చేసిన అనుకరణతో నిక్షేపంగా సరిపోగలదన్న మాట. అనుకరణలో తప్పు లేదు, పోలికలోనూ తప్పు లేదు. ఆ పోలిక నుంచి అంతకు మించిన నిర్ణయానికి రావడమే తప్పవుతుంది.

నడిమి భాగం కంప్యూటర్‌లో నిజంగా కనబడడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. జపాన్‌లోని యోకోహామాలో 2002లో పనిచేయడం మొదలుపెట్టిన ఎర్త్ సిమ్యులేటర్ మీద కనెదా, ఇషిహారా, వారి సహచరులు అంచుకు 4,096 బిందువులతో, అంటే మొత్తం 6,871 కోట్ల బిందువులతో లెక్క నడిపి 2003లో ఫలితాలు ప్రకటించారు. టేలర్ రెనాల్డ్స్ సంఖ్య సుమారు 1,200కు చేరింది.

ఆ లెక్క ఒక పాత నమ్మకాన్ని గట్టిపరచింది. స్నిగ్ధతను ఎంత తగ్గించినా ప్రవాహంలో శక్తి క్షయం రేటు సున్నా వైపు పోదు. పెద్ద సుడుల వేగంతోనూ పరిమాణంతోనూ పోల్చి చూస్తే అది 0.4, 0.5 మధ్య నిలకడగా ఉంటుంది. రాపిడిని తగ్గిస్తే నష్టం తగ్గాలన్న మన సాధారణ బుద్ధికి ఇది ఎదురు నడుస్తుంది. స్నిగ్ధత తగ్గితే ప్రవాహం మరింత చిన్న సుడులను పుట్టించుకుని, అంతే శక్తిని ఆ సుడుల దగ్గర ఖర్చు చేస్తుంది. భారతదేశంలో విద్యాభ్యాసం చేసిన కె.ఆర్. శ్రీనివాసన్ 1984లో గాలి సొరంగాల కొలతలను ఒకచోట చేర్చి ఈ నిలకడను చూపించారు. కంప్యూటర్ దానిని ఇంకా పెద్ద సంఖ్యల దాకా తీసుకెళ్లింది.

వర్ణపటం విషయంలో మాత్రం సమాధానం అంత శుభ్రంగా లేదు. మామూలు లాగరిథమ్ పటంలో గీస్తే వాలు -5/3 లాగే కనిపిస్తుంది. ఆ వాలును పూర్తిగా తీసివేసి, మిగిలినది చదునుగా ఉందా అని చూస్తే, ఎర్త్ సిమ్యులేటర్ ఫలితం కొద్దిగా వంగి ఉంది. నిజమైన వాలు -5/3 కన్నా సుమారు 0.1 నిటారు. దీనికి తోడు, స్నిగ్ధత పని ప్రారంభించే చోటికి కొంచెం ముందు, శక్తి ఇరుకు దారిలో నీరు ఎగదన్నినట్టు పోగుపడి ఒక గూనులా కనిపిస్తుంది. చిన్న అనుకరణలలో ఈ గూని వర్ణపటాన్ని దాదాపు మొత్తం ఆక్రమిస్తుంది కనుక, అక్కడ "-5/3 కనిపించింది" అన్న మాటలో గూని పక్క వాలు ఎంత, నిజమైన నడిమి భాగం ఎంత అన్నది తేల్చడం కష్టం. లాగరిథమ్ పటం ఎంతటి తప్పునైనా కప్పిపుచ్చగలదని ఈ రంగంలోని వారికి బాగా తెలుసు. అందుకే వాలు తీసేసిన పటం చూపని పత్రాన్ని నేను కాస్త అనుమానంగానే చదువుతాను.

-4/5 నియమం కూడా ఇలాంటి ఓర్పునే అడుగుతుంది. రుణ గుర్తును పక్కన పెడితే, అనుకరణలో ఆ నిష్పత్తి 0.8 వద్ద ఒక్కసారిగా నిలబడదు. కింద నుంచి మెల్లగా ఎక్కుతూ వస్తుంది. పైనుంచి నిరంతరం శక్తి అందించే ప్రవాహంలో ఈ ఎక్కుడు తొందరగా, వదిలేస్తే దానంతటది చల్లబడే ప్రవాహంలో చాలా నెమ్మదిగా జరుగుతుంది. ఇక్కడ లోపం నియమానిది కాదు, రెనాల్డ్స్ సంఖ్య అనంతమన్న షరతుది.

అసలైన భేదం పెద్ద ఘాతాలలో ఉంది. కొల్మొగొరోవ్ ఊహ ప్రకారం వేగ వ్యత్యాసపు ఏ ఘాతం సగటు తీసుకున్నా, ఆ ఘాతంలో మూడో వంతు ఘాతాంకంతో అది పెరగాలి. ఆరో ఘాతానికి 2, పదో ఘాతానికి 3.33 రావాలి. ప్రయోగాలూ అనుకరణలూ ఇచ్చేవి సుమారు 1.78, 2.6. రెండో ఘాతం వద్ద 0.67కూ 0.70కూ ఉన్న తేడా కంటికి ఆనదు. ఘాతం పెరిగేకొద్దీ అది కప్పిపెట్టలేనంత అవుతుంది. కారణాన్ని లెవ్ లాండౌ 1940లలోనే చూచాయగా సూచించారు: శక్తి క్షయం అంతటా ఒకే తీరున జరగదు, కొన్ని సన్నని పోగులలో, పొరలలో, అప్పుడప్పుడు విరుచుకుపడుతుంది. సగటు రేటు ఒక్కటే అన్నీ నిర్ణయిస్తుందనే ఊహ అక్కడ సడలిపోతుంది. కొల్మొగొరోవ్ స్వయంగా 1961లో మార్సెయ్‌లో జరిగిన సమావేశంలో తన సిద్ధాంతానికి సవరణను ప్రతిపాదించారు. 1962లో అచ్చయిన ఆ సవరణ కూడా బాగా పెద్ద ఘాతాల వద్ద నిలబడలేదు. 1994లో షీ, లెవెక్ ఇచ్చిన సూత్రం, ఏ సంఖ్యనూ చేత్తో సర్దకుండానే, కొలతలతో చక్కగా కలుస్తుంది. కాని అది నేవియర్, స్టోక్స్ సమీకరణాల నుంచి పుట్టినది కాదు, అదనపు ఊహల నుంచి పుట్టినది. సంఖ్య కలవడం వేరు, కారణం తెలియడం వేరు.

కంప్యూటర్‌ను తుది న్యాయమూర్తిగా కూర్చోబెట్టరాదనడానికి ఈ విరుచుకుపడే ఘటనలే మంచి ఉదాహరణ. 2015లో యుంగ్, జై, శ్రీనివాసన్ అంచుకు 8,192 బిందువుల అనుకరణలో, ఒక్కోచోట శక్తి క్షయం సగటుకన్నా లక్ష రెట్ల దాకా ఎగసిపడుతోందని చూపారు. ఆ తర్వాత 2018లో యుంగ్, శ్రీనివాసన్, పోప్ కాలపు అడుగును మరింత చిన్నది చేసి, చిన్న అలలు పెద్ద అలల వేషంలో లెక్కలో దూరే దోషాన్ని జాగ్రత్తగా అదుపు చేసి మళ్లీ చూశారు. తీవ్ర ఘటనలు ఉన్నాయి, కాని మునుపు కనిపించినంత తీవ్రంగా లేవు. తమ ఫలితాన్ని తామే తగ్గించుకున్న ఈ పని, నాకు తెలిసినంతలో, ఈ విషయంలో అత్యంత గౌరవనీయమైన అధ్యాయం. -5/3 వాలును పట్టుకోవడానికి సరిపోయే గ్రిడ్, అరుదైన ఉప్పెనను కొలవడానికి సరిపోదు. వాటికి కావలసిన సూక్ష్మత వేరు.

ఇంజినీర్లు వాడే అనుకరణల సంగతి మరో రకం. వారికి విమానం చుట్టూ అన్ని సుడులనూ లెక్కించే స్తోమత ఉండదు కనుక, పెద్ద సుడులను మాత్రమే లెక్కించి, గ్రిడ్‌కు అందని చిన్నవాటి ప్రభావాన్ని ఒక సూత్రంతో పూరిస్తారు. 1963లో స్మగొరిన్‌స్కీ ఇచ్చిన ఆ సూత్రంలోని గుణకాన్ని 1960లలోనే లిల్లీ, -5/3 వర్ణపటం నిజమని ఊహించి, 0.17 అని లెక్కకట్టారు. ఇలాంటి అనుకరణ -5/3తో సరిపోయిందని ఎవరైనా సంబరపడితే, పాలలో తానే కలిపిన చక్కెర తియ్యదనాన్ని చూసి ఆశ్చర్యపోవడం వంటిది. 1970లో డియర్‌డార్ఫ్ కేవలం 6,720 గదులతో కాలువ ప్రవాహాన్ని లెక్కించినప్పుడు ఆ గుణకాన్ని 0.10కి దించవలసి వచ్చింది; గోడ పక్కన సుడులు అన్ని దిక్కులా ఒకేలా ఉండవు మరి.

గోడల పక్కన కొల్మొగొరోవ్ కన్నా ముఖ్యమైన సిద్ధాంతం, 1930 నాటి ఫాన్ కార్మన్ లాగరిథమ్ నియమం. గోడ నుంచి దూరం పెరిగేకొద్దీ సగటు వేగం ఆ దూరపు లాగరిథమ్‌గా పెరగాలని, దాని వాలును నిర్ణయించే స్థిరాంకం సుమారు 0.41 అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధవన్ డాక్టరేట్ పరిశోధన కూడా గోడకూ ప్రవాహానికీ మధ్య ఘర్షణను నేరుగా కొలవడం మీదే. 1987లో కిమ్, మొయిన్, మోజర్ చేసిన కాలువ అనుకరణలో గోడ ఘర్షణను బట్టి లెక్కించిన రెనాల్డ్స్ సంఖ్య 180 మాత్రమే. అక్కడ లాగరిథమ్ భాగం ఉందనడానికి చోటే చాలదు. 2015లో లీ, మోజర్ అదే సంఖ్యను సుమారు 5,200కు తీసుకెళ్లాక ఆ నియమాన్ని సూటిగా పరీక్షించగల చదునైన భాగం బయటపడింది. వారు పొందిన స్థిరాంకం 0.384.

సిద్ధాంతం పరిధి దాటిన చోట ఘాతాంకం మారిపోవడం కూడా ఒక ధ్రువీకరణే. హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో, నీటిలో పైకి లేచే బుడగలు రేపే కల్లోలాన్ని అనుకరించినప్పుడు వర్ణపటపు వాలు -3కు దగ్గరగా వచ్చింది. అక్కడ శక్తి పై మెట్టు నుంచి మాత్రమే దిగదు. బుడగ ఎంతదో ఆ పరిమాణం వద్దనే ప్రవేశించి, అక్కడే చాలావరకు ఖర్చవుతుంది. నడిమి సుడులకు ఒకే రేటు తప్ప ఇంకేమీ తెలియదన్న ఊహ లేని చోట -5/3 రాకపోవడమే సబబు.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ఉన్న ఫ్రాంటియర్ కంప్యూటర్ మీద యుంగ్ బృందం ఇటీవల అంచుకు 32,768 బిందువుల దాకా వెళ్లింది. మొత్తం 35 లక్షల కోట్లు. 1972 నాటి పెట్టె మొత్తంలో ఉన్న బిందువుల సంఖ్య కూడా, 32 ఘనం కనుక, సరిగ్గా 32,768. నాటి పెట్టె అంతా నేటి పెట్టె ఒక్క అంచులో ఇమిడిపోయింది. అయితే ఇంత పెద్ద లెక్కను ఎక్కువ కాలం నడపడం సాధ్యం కాదు. పెద్ద సుడులు ఒక్క చుట్టు తిరగడానికి పట్టేంత కాలం కూడా నడపకుండా, తక్కువ సూక్ష్మతతో ఎక్కువ సేపు నడిపిన లెక్క నుంచి విడివిడి క్షణాలను తీసుకుని, వాటిని ఒక్కొక్కటిగా సూక్ష్మ గ్రిడ్ మీదకు ఎక్కించి కొద్దిసేపు నడిపే పద్ధతిని ఈ బృందం అనుసరిస్తోంది. చిన్న సుడులు త్వరగా కుదురుకుంటాయి కనుక తీవ్ర ఘటనల గణాంకాలకు ఆ కొద్దిసేపు చాలుతుంది. పెద్ద సుడుల సగటులకు చాలదు. వాటి కోసం ఇంకా పాత, ముతక, దీర్ఘకాలపు లెక్కల దగ్గరికే వెళ్లాలి.